ఒడ్డు లెక్కన, నీటి లెక్కన



"పడవలో కూర్చున్న మనిషి కదులుతున్నట్టా, కదలనట్టా?" అని ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగాను. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో భావనపాడు అని సముద్రపు ఒడ్డు ఊరు ఉంది. ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క ఉప్పుటేరు, కాస్త ఇవతలికి వస్తే నౌపడ ఉప్పు మడులు. ఆ చుట్టుపక్కల పిల్లలకి నేను చాలాకాలం సైన్సు చెప్పాను. ఆ రోజు నేను ఎదురుచూసిన జవాబు ఒకటుంది. ఒడ్డు మీద ఉన్నవాడికి కదులుతున్నట్టు, పక్కన కూర్చున్నవాడికి కదలనట్టు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. కానీ మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచి నన్నే ఎదురు అడిగింది.

"ఏ పడవ మాస్టారూ? ఇంజను మీదున్నదా, వల మీదున్నదా?"

"వల మీదున్నదే అనుకోమ్మా."

"అయితే కదల్దు మాస్టారూ. కానీ తెల్లారేసరికి ఎక్కడో ఉంటాది."

తరగతిలో ఎవ్వరూ నవ్వలేదు. అందరివీ వేటకెళ్ళే ఇళ్ళే, అందరికీ తెలిసిన సంగతే. నేను మాత్రం సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కదలదట, తెల్లారేసరికి ఇంకోచోట ఉంటుందట. రెండు మాటలూ ఒక్క ఊపిరిలో చెప్పి, ఏమీ తేడా లేనట్టు కూర్చుంది.

ఆ పిల్ల ఏం చెప్పిందో చూడండి. రాత్రి తేలే వల వేస్తారు. వలకి బెండ్లు కట్టి ఉంటాయి. వల చివర తాడు పడవకి కడతారు. ఇంజను ఆపేస్తారు. ఇక నీరు ఎటు పోతే వల అటు, వలతో పాటు పడవ అటు. పడవలో కూర్చుని చూస్తే బెండ్లు ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే ఉంటాయి. నీరు పడవ పక్క నుంచి పారుతున్నట్టు కూడా ఉండదు. కాబట్టి పడవ కదలదు. అది అక్షరాలా నిజం. కానీ నీరు గంటకి 2 కిలోమీటర్ల చొప్పున పోతోందనుకుందాం. 8 గంటలు వల మీదుంటే 16 కిలోమీటర్లు. తెల్లారి చూస్తే ఒడ్డున తెలిసిన తాటితోపు ఉండాల్సినచోట ఉండదు. అదీ అక్షరాలా నిజమే.

ఈ రెండు నిజాల్నీ ఒక గూట్లో పెట్టే పాఠం పేరు 'నిర్దేశ చట్రాలు, సాపేక్ష చలనం'. పేరు పెద్దది. చట్రం అంటే పిల్లలకి ఫొటో చట్రం గుర్తొస్తుంది. సాపేక్షలో అపేక్ష ఉంది కదా, అపేక్ష అంటే కోరికేనా అని అడిగినవాళ్ళున్నారు. ఒకదాని మీద ఆధారపడి ఉండడం అనే అర్థం సంస్కృతంలో ఉంది గానీ, మన నోట్లో అది అరిగిపోయింది. పేరుతో వచ్చే ఇబ్బంది చిన్నది. పెద్ద ఇబ్బంది ఇంకో మాటతో వస్తుంది. ఈ పూట నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే. 'అనిపిస్తుంది' అనే మాట.

రైలు కిటికీలోంచి చూస్తే చెట్లు వెనక్కి పోతున్నట్టు 'అనిపిస్తుంది' అంటాం. నౌపడ జంక్షన్లో మన పాసింజరు ఆగి ఉంటుంది. పక్క పట్టా మీద బండి కదిలితే మనదే కదిలినట్టు 'అనిపిస్తుంది' అంటాం. నేనూ ఏళ్ళ తరబడి అలాగే చెప్పాను. పిల్లలు ఏం నేర్చుకున్నారు? ఒడ్డు మీదున్నవాడిది నిజం, పడవలో ఉన్నవాడిది భ్రమ అని. పరీక్షలో ఒక వేగంలోంచి ఇంకో వేగం తీసేసి, మార్కులు తెచ్చుకున్నారు. కానీ ఒక మనిషి చూపు నిజమూ, ఇంకొకరి చూపు కంటి మోసమూ అనే అభిప్రాయం మనసులో గట్టిపడింది. ఆ అభిప్రాయం ఉన్నంతకాలం ఈ పాఠం ఎక్కదు. ఎక్కకపోగా, రేపు భూమి తిరుగుతోందని చెబితే, ఏదో పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి నమ్మాలి అనుకుంటారే తప్ప, లోపల కుదరదు.

ఆ అమ్మాయి మాట విన్నాక నేను 'అనిపిస్తుంది' అనడం మానేశాను. దాని బదులు మన ఇళ్ళల్లో రోజూ వాడే మాట తెచ్చుకున్నాను. 'లెక్కన'. నీటి లెక్కన పడవ కదలలేదు. ఒడ్డు లెక్కన 16 కిలోమీటర్లు వెళ్ళింది. రైలు లెక్కన చెట్టు వెనక్కి వెళ్ళింది. చెట్టు లెక్కన రైలు ముందుకి వెళ్ళింది. ఎవరిదీ భ్రమ కాదు. ఎవరి లెక్క వాళ్ళది, ఒకరి లెక్కని ఇంకొకరి లెక్కలోకి మార్చుకోవడానికి దారి ఉంది. నిర్దేశ చట్రం అంటే ఆ లెక్క ఎక్కడ నిలబడి వేస్తున్నామో చెప్పడం, అంతే.

ఇది మాటల్లో చెబితే చాలదని ఒక పని చేయించేవాణ్ణి. రేడియో వింటున్న ఉపాధ్యాయులు రేపే చేయించవచ్చు, ఖర్చు లేదు. బల్ల మీద పాత దినపత్రిక పరచాలి. దానికి అడ్డంగా ఒక పొడుగు స్కేలు ఉంచి రెండు చివరలా ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి. స్కేలు కదలకూడదు. ఒక పిల్ల స్కేలు వెంబడి స్కెచ్ పెన్నుతో తన దగ్గర్నుంచి అవతలికి నిదానంగా గీత గీస్తుంది. అదే సమయంలో ఇంకో పిల్లవాడు స్కేలు కింద నుంచి కాగితాన్ని కుడివైపుకి ఒకే వేగంతో లాగుతాడు. పెన్ను స్కేలు వదల్లేదు, తిన్నగానే వెళ్ళింది. అందరూ చూశారు. కాగితం తీసి చూస్తే గీత ఎడమకి ఏటవాలుగా ఉంది.

"పెన్ను తిన్నగా వెళ్ళిందా, ఏటవాలుగా వెళ్ళిందా?"

మొదట గొడవపడతారు. తరవాత ఎవరో ఒకరు అంటారు, "బల్ల లెక్కన తిన్నగా, కాగితం లెక్కన వాలుగా" అని. ఆ మాట పిల్లల నోట రావాలి, మనం చెప్పకూడదు. కాస్త ఆలస్యమైనా ఆగాలి. ఆగలేక ముందే చెప్పేసిన రోజుల్లో పాఠం పాడయింది.

ఒకరోజు ఈ పని చేస్తుంటే కాగితం లాగే పిల్లవాడు మధ్యలో ఒక్క గుంజు గుంజాడు. గీత అక్కడ వంకర తిరిగింది. పాడైపోయిందని ఆ కాగితం పారెయ్యబోయారు. నేను తీసి దాచాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

పడవ సంగతికి వద్దాం. ఇప్పుడు వేటకెళ్ళేవాళ్ళ చేతిలో జీపీఎస్ యంత్రం ఉంటోంది. అది చూపే వేగం ఒడ్డు లెక్కన. ఇంజను పడవని తోసేది నీటి లెక్కన. మార్చి నెలలో మన తీరం వెంబడి నీరు ఉత్తరానికి, అంటే బారువ వైపు పారుతుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరు, నవంబరు నెలల్లో దక్షిణానికి తిరుగుతుంది. ఇంజను ఒకే జోరు మీదున్నా బారువ వైపు వెళ్ళేటప్పుడు యంత్రం 12 చూపించి, తిరిగొచ్చేటప్పుడు 8 చూపించిందనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 10, అది నీటి లెక్కన పడవ వేగం. తేడాలో సగం 2, అది ఒడ్డు లెక్కన నీటి వేగం. ఎనిమిదో తరగతి కూడికలు, తీసివేతలు. కానీ వీటితో సముద్రం పారే వేగాన్ని కొలిచేశారు పిల్లలు, చెయ్యి తడవకుండా.

ఈ తేడా తెలియడం చదువు కోసమే కాదు. మన తీరం నుంచి ఏటా ఎంతోమంది గుజరాత్‌లోని వేరావల్‌కి వేటకి వలసపోతారు. 2018 చివర్లో అక్కడి సముద్రంలో సరిహద్దు దాటారని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద అడుగు పెట్టారు. ఏడాదికి పైగా ఇళ్ళల్లో ఎలా గడిచిందో ఆ ఊళ్ళవాళ్ళకే తెలుసు. సముద్రం మీద గీతలు కనబడవు. సరిహద్దు భూమి లెక్కన గీసింది. వల మీదున్న పడవ నీటి లెక్కన ఆగి ఉంటుంది. చీకట్లో చుట్టూ నీరే ఉన్నప్పుడు పడవలోంచి ఎంత చూసినా ఆ నీరు ఎటు పోతోందో కంటికి ఆనదు. అందుకే ఈ పాఠం మన పిల్లలకి బట్టీ పాఠం కాకూడదని నా తపన.

కంటికి ఆనదు అన్నాను కదా. సరిగ్గా ఇదే సంగతిని 1632లో అచ్చయిన తన పుస్తకంలో గెలీలియో చెప్పాడు. ఓడ లోపలి గదిలో తలుపులు మూసుకుని కూర్చోండి. సీతాకోకచిలుకలు ఎగురుతుంటాయి, గిన్నెలో చేపలు ఈదుతుంటాయి, పైనుంచి బొట్లు బొట్లుగా నీరు కింది పాత్రలో పడుతుంటుంది. ఓడ కుదుపు లేకుండా ఒకే వేగంతో పోతుంటే ఇవన్నీ ఓడ ఆగి ఉన్నప్పుడు ఎలా ఉంటాయో అలాగే ఉంటాయి. లోపల ఏం చేసినా ఓడ పోతోందో ఆగిందో చెప్పలేరు.

అంతకన్నా 1100 ఏళ్ళకి పైగా ముందే మన దేశంలో ఒక కుర్రవాడు పడవ ఎక్కించి దీనికి దగ్గరి సంగతి చెప్పాడు. ఆర్యభటుడు. 499లో, 23 ఏళ్ళ వయసులో. ఆర్యభటీయం గోళపాదంలో అతని పోలిక ఇది: పడవలో ముందుకి పోయేవాడికి ఒడ్డున ఉన్న కదలని వస్తువులు వెనక్కి పోతూ కనిపిస్తాయి, అలాగే కదలని నక్షత్రాలు పడమరకి పోతూ కనిపిస్తాయి. అంటే పడవ మన భూమి, తూర్పుకి తిరుగుతోంది. భావనపాడు పిల్లలకి ఈ పోలిక చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. తమ పడవ సంస్కృత శ్లోకంలోకి ఎక్కిందని కాదు. ఆకాశం సంగతి తేల్చడానికి తమకి తెలిసిన అనుభవమే చాలిందని.

అయితే అప్పుడే దీనికి ఎదురు ప్రశ్నలు వచ్చాయి. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో ఒకటి వేశాడు. భూమి తిరుగుతుంటే గూట్లోంచి ఎగిరిన పక్షి మళ్ళీ గూటికి ఎలా చేరుతుంది?

ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. మా పిల్లలతో లెక్క కట్టించాను. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపి వెళ్తాయి. సైబీరియా పక్షులని అందరూ పిలుచుకునేవి అవే. మనం ఉన్నచోట భూమి తూర్పుకి సెకనుకి దాదాపు 440 మీటర్లు పోతోంది. గంటకి 1,580 కిలోమీటర్ల పైమాటే. గూడబాతు ఒక్క నిమిషం గాల్లో ఉంటే ఈలోగా దాని చింతచెట్టు 26 కిలోమీటర్లు తూర్పుకి, అంటే సముద్రంలోకి, వెళ్ళిపోయి ఉండాలి. మరి సాయంత్రం చేపతో వచ్చిన తల్లి తిన్నగా తన గూటి మీదే ఎలా వాలుతోంది?

పిల్లలు ఒక రాత్రి ఆలోచించుకుని వచ్చారు. ఒకడు చెప్పాడు: "పడవ పోతా ఉంటే లోపల బంతి పైకి ఎగరేస్తాను కదా మాస్టారూ. బంతి నా సేతిలోకే వస్తాది. ఎనక్కి పోదు." బంతి చేతిలో ఉన్నప్పుడే పడవ వేగం దానికీ ఉంది. పైకెగిరినా ఆ వేగం ఎక్కడికీ పోదు. పక్షి కూడా కొమ్మ మీద ఉన్నప్పుడే భూమి వేగంతో ఉంది, దాని చుట్టూ గాలి కూడా భూమితోనే పోతోంది. నేల లెక్కన అది 5 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి 5 కిలోమీటర్లు వచ్చింది. అంతే. వరాహమిహిరుడికి ఆనాడు దొరకనిది జడత్వం అనే భావన. దాన్ని పద్నాలుగేళ్ళ పిల్లవాడు పడవలో బంతి ఎగరేసి పట్టుకుని తెచ్చాడు. శ్రీహరికోట నుంచి ఉపగ్రహాల్ని సముద్రం మీదుగా తూర్పుకి పంపితే కలిసొచ్చేది కూడా ఈ వేగమే. రాకెట్టు లేవకముందే అది దానికి ఉంది.

ఇక్కడ చాలామంది ఉపాధ్యాయులు ఒక తప్పు దారి పడతారు. భూమి తిరుగుతోంది కాబట్టి 'పొద్దు పొడిచింది', 'పొద్దు గుంకింది' అనడం అజ్ఞానం అని పిల్లలకి చెబుతారు. నేను ఒప్పుకోను. నేల లెక్కన పొద్దు పొడుస్తుంది. అరసవల్లి గుడిలో మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ వాకిలి, ఆ దూరం అంత కచ్చితంగా కుదిరాయంటే, సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరగడాన్ని నేల మీద నిలబడి లెక్క కట్టే కదా. ఇంటి మీద డిష్ చూడండి. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం సెకనుకి 3 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. మన డాబా లెక్కన మాత్రం అది ఒక్కచోటే ఉంది, అందుకే డిష్ తిప్పే పని లేదు. పనికి తగిన లెక్క ఎంచుకోవడం అజ్ఞానం కాదు.

అయితే అన్ని లెక్కలూ సమానమేనా? ఎక్కడ నిలబడి చూసినా ఒకటేనా? ఇప్పుడు ఆ దాచిన కాగితం తీస్తాను.

కాగితాన్ని ఒకే వేగంతో లాగినంతసేపూ గీత వాలిందే గానీ వంగలేదు. గుంజినచోట వంగింది. బస్సు ఒకే వేగంతో పోతుంటే లోపల నిలబడ్డా ఏమీ తెలియదు, బ్రేకు పడితే ముందుకి తూలతాం. ఎవరూ తోయకుండానే తోసినట్టవుతుంది. వేగం మారుతున్న చోట నిలబడి లెక్క కడితే ఇలాంటి బలాలు పుడతాయి. పుస్తకాల్లో వాటిని మిథ్యా బలాలంటారు. తూలి నుదురు కొట్టుకున్నవాడికి అది మిథ్య అని చెప్పడం కష్టం. బస్సు లెక్కన అది ఉంది, రోడ్డు లెక్కన లేదు.

తిరగడం కూడా వేగం మారడమే, ఎందుకంటే దిక్కు మారుతుంటుంది. గుండ్రటి అట్టని మధ్యలో గుండుసూదితో బల్లకి గుచ్చి, గడియారం ముల్లుకి ఎదురుగా మెల్లగా తిప్పాలి. సూది దగ్గర్నుంచి అంచు దాకా స్కేలు వెంబడి తిన్నగా గీత గీయాలి. అట్ట మీద చూస్తే గీత కుడిచేతి వైపుకి వంగి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో మనం ఆ అట్ట మీద ఉన్నాం. అందుకే దూరాలు పోయే గాలి నేల లెక్కన కుడికి ఒరుగుతుంది. దీనికి కారణమని చెప్పే బలానికి కొరియాలిస్ బలమని పేరు. బకెట్టు కన్నం దగ్గర తిరిగే చిన్న సుడికి దీనితో సంబంధం లేదు. అంత చిన్న దూరంలో భూమి తిరగడం ఏ మూలకీ రాదు. వందల కిలోమీటర్లు కావాలి. అంటే తుఫాను కావాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు ఎలా పడ్డాయో మీలో చూసినవాళ్ళున్నారు. ఆ తరవాత తరగతిలో ఉపగ్రహం తీసిన బొమ్మ చూపిస్తే ఒకడు అడిగాడు. "గాలి కుడికి తిరుగుతాదన్నారు కదా మాస్టారూ. మరి సుడి ఎడమకి తిరుగుతున్నాదేటి?"

నిజమే. తుఫాను మన వైపు గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. నేను బోర్డు వైపు వెళ్ళలేదు. పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఇసకలో మధ్యన ఒక కొబ్బరిడొక్క పెట్టాం, అది తుఫాను కన్ను. గాలి పీడనం తక్కువున్న ఆ చోటికి నాలుగు పక్కలనుంచీ గాలి పరిగెడుతుంది. నలుగురు పిల్లలు నాలుగు దిక్కుల్లో నిలబడ్డారు. డొక్క వైపు నడవాలి, కానీ అడుగడుక్కీ ఎవరి కుడికి వాళ్ళు కొంచెం ఒరగాలి. బయల్దేరారు. దక్షిణం నుంచి వచ్చినవాడు కుడికి ఒరిగి, డొక్కకి తూర్పు పక్కకి వచ్చాడు. తూర్పు నుంచి వచ్చిన పిల్ల ఉత్తరం పక్కకి వచ్చింది. డొక్క నలుగురికీ ఎడమచేతి వైపు పడింది. దాన్ని వదలకుండా నడవమంటే నలుగురూ దాని చుట్టూ ఎడమకి తిరగసాగారు. అడిగిన పిల్లవాడు ఇసకలో అడుగుల జాడ చూసి, చూసి, "ఎవులి కుడికి ఆలు పోతే అందరూ కలిసి ఎడమకి తిరిగినారు" అన్నాడు. నా ఉద్యోగంలో అంత తృప్తిపడ్డ రోజులు ఎన్నో లేవు.

మొదట ప్రశ్న వేసిన అమ్మాయి సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. సంవత్సరం చివర్లో ఒక నోటు పుస్తకం తెచ్చి చూపించింది. వాళ్ళ నాన్న వేట నుంచి వచ్చినప్పుడల్లా యంత్రంలోని వేగాలు అడిగి రాసుకుంది. ఒక వరస మీద 'ఒడ్డు లెక్కన' అని రాసి ఉంది, అంకెలున్నాయి. పక్క వరస 'నీటి లెక్కన', అందులోనూ అంకెలున్నాయి, తనే కట్టినవి. వాటి పక్కన స్కేలుతో ఇంకో వరస గీసి ఉంది. దాని మీద 'చుక్కల లెక్కన' అని రాసుకుంది. అందులో ఇంకా ఏమీ నింపలేదు.

"ఇదెలా కట్టాలి మాస్టారూ?" అంది.

ఆ సాయంత్రం ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని, సెకనుకి 440 మీటర్ల దగ్గర మొదలుపెట్టాం.